శివారు చేనికి నీరు

ధవళేశ్వరము గట్టుమీద నిలిచినవారికి ఆర్థర్ కాటన్ దొరను గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. 1847లో మొదలై 1852లో ముగిసిన ఆనకట్ట కథ డెల్టాలోని బడిపిల్లలకు తెలిసినదే. ఆ పాత ఆనకట్టకు బదులుగా 1970 మొదలు 1982 వరకు కట్టిన బారేజికి కూడ ఆయన పేరే పెట్టిరి. కాని, ఆనకట్ట ముగిసిననాటికి కాటన్ వయస్సు 49 సంవత్సరములే యనియు, ఆ తరువాత ఆయన మరి 47 సంవత్సరములు బ్రతికెననియు తలచువారు అరుదు. చేసిన ఘనకార్యము కంటె, చేసిన తరువాత బ్రతికిన కాలము చాల పెద్దది. ఆ కాలమునందు ఆయన ఏమి చేసెను?

1860లో కొలువు విడిచి ఇంగ్లండు చేరెను. భారతదేశపు కాలువలను గూర్చి, జలమార్గములను గూర్చి వాదించుట మానలేదు. అది ఆయన పాత వృత్తి, అందులో ఆశ్చర్యము లేదు. ఆశ్చర్యము మరియొక చోట నున్నది. 1876లో, 73 సంవత్సరముల వయస్సున, ఆ యింజనీరు అరబ్బీ భాష నేర్చుకొనువారి కొఱకు ఒక చిన్న ప్రవేశికను ప్రకటించెను. 30 ముఖ్యపదములు, వానితో కూర్చిన 180 చిన్న వాక్యములు, ఇదియే ఆ పుస్తకము. నోటితో పలుకుచు, కొద్దిమాటలనే క్షుణ్ణముగా పట్టుకొనుట దాని పద్ధతి. కడపటి సంవత్సరములలో డార్కింగ్ అను ఊర నివసించుచు, నేలను లోతుగా త్రవ్వి గోధుమ పండించు ప్రయోగములను సాగించెను. గోదావరిని మలపిన చేయి మడి త్రవ్వుటకు సిగ్గుపడలేదు. 1899 జూలైలో కన్నుమూయునాటికి ఆయనకు 96 సంవత్సరములు నిండినవి.

డెల్టా రైతునకు శివారు చేననగా నేమో తెలియును. కాలువ మొదట నున్న చేలకు నీరు తనంతట తానే పారును. అందులో ఎవరి గొప్పయు లేదు. కడపట నున్న చేనికి నీరందినదా లేదా అను దానిని బట్టియే కాలువ మంచిచెడ్డలు తేలును. మనుష్యజీవితమును గూడ ఈ కొలతతోనే కొలువవలెను. బాల్యమునకు బడి యున్నది; యౌవనమునకు కళాశాల యున్నది; నడివయస్సునకు చేయు ఉద్యోగమే ఒక పాఠశాల. జీవితపు శివారున నున్నవారికి మాత్రము క్రొత్తవిద్య యను నీరు విడుచువారు లేరు. విడువుమని అడుగుట నామోషీ యని వారును ఊరకుందురు.

ఉపాధ్యాయుల పదవీవిరమణ సభలు చూచినవారికి ఈ మాటలోని నిజము బోధపడును. దండలు వేయుదురు, శాలువ కప్పుదురు, శిష్యులు కన్నీరు పెట్టుకొందురు. "శేషజీవితము సుఖశాంతులతో గడుపవలెను" అని ప్రతి వక్తయు ఆశీర్వదించును. శేషమనగా నేమో లెక్కల మాష్టరుకు వేరుగా చెప్పవలెనా? భాగహారము ముగిసిన పిదప, ఇక దేనికిని పంచుటకు వీలులేక మిగిలిపోయిన అంకె! ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగుల పదవీవిరమణ వయస్సు 2014లో 58 నుండి 60కిని, 2022లో 62కిని పెరిగినది. అంతటితో బ్రతుకు ముగియుట లేదు. ఆ తరువాత పది, పదునైదు, ఇరువది సంవత్సరములు పలువురికి మిగులుచునే యున్నవి. ఒక పసివాడు పుట్టి, అక్షరాభ్యాసము చేసికొని, పట్టభద్రుడగుటకు చాలునంత కాలమది. దానిని శేషమని పిలుచుట భాషాదోషము మాత్రమే కాదు, భావదోషము కూడ.

సభ ముగిసిన మరునాటి ఉదయము నుండి కథ మొదలగును. గంట మ్రోగదు. కొంతకాలము పేపరు పూర్తిగా చదువుట, కొంతకాలము అరుగుమీద రాజకీయములు, కొంతకాలము టెలివిజను. పిమ్మట నిద్ర పెరుగును, విసుగు పెరుగును, ఇంటివారి పనులలో తప్పులు పట్టుట పెరుగును. తీరిక లేకనే జీవితమంతయు గడచినదని వాపోయిన మనిషికి తీరికయే శత్రువగును. ఇది సోమరితనము వలన కలుగు జబ్బు కాదు. విద్యార్థిగా నుండుట మరచిపోవుట వలన కలుగు జబ్బు.

ఉపాధ్యాయునకు ఈ మరపు ఇతరుల కంటె ఎక్కువ. నలువది యేండ్లు ప్రశ్నలడిగినవానికి, ఒక ప్రశ్నకు తప్పు సమాధానము చెప్పి నిలుచుండుట కష్టము. వీణ నేర్చుకొనవలెనని చిరకాలముగా కోరిక యుండును. కాని సరళీస్వరముల వద్ద కూర్చుండి, పదేండ్ల పిల్ల ప్రక్కన అపస్వరము పలికింపవలెననగా ప్రాణము మీదికి వచ్చును. అందుచేత "మనకిప్పుడెందుకులే" అను మాట పుట్టును. ఆ మాట వినయమువలె వినిపించును. నిజమునకు అది అహంకారము. తెలియనివాడుగా కనబడుటకు భయపడువాడు క్రొత్తగా ఏదియు తెలిసికొనలేడు. వార్ధక్యమున సృజనశక్తిని హరించునది కీళ్లనొప్పి కాదు, ఈ పెద్దరికము.

ఈ పెద్దరికమును జయించిన ఉపాధ్యాయుడు తెలుగునాట లేకపోలేదు. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1911లో పర్లాకిమిడి కళాశాల ఉద్యోగము నుండి విరమించునాటికి 48వ యేట నుండిరి. వాడుకభాష కొఱకు వారు చేసిన పోరాటము ఉధృతమైనది ఆ తరువాతనే. 1919లో 'తెలుగు' అను పత్రిక నడపిరి. సవరలను ఇంటికి పిలిపించుకొని, లిపిలేని వారి భాషను వారి వద్దనే నేర్చిన పంతులుగారు, ఆ భాషాగ్రంథములను ప్రకటించినది కూడ ఉద్యోగమున నున్నప్పుడు కాదు. సవరభాషా వ్యాకరణ గ్రంథము 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. నిఘంటువు వెలువడునాటికి వారి వయస్సు 75. ఏజెన్సీలో తిరిగినప్పుడు వచ్చిన మలేరియాకు వాడిన క్వినైను వలన వినికిడి దెబ్బతిన్నది. చెవి సహకరింపకున్నను, ధ్వనులకు పుట్టిల్లయిన భాషాశాస్త్రమును విడువలేదు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రమున చేరగా, ఊరు విడిచి రాజమహేంద్రవరము వచ్చిరి. 70 దాటిన వయస్సున క్రొత్త ఊరు, క్రొత్త ఇరుగుపొరుగు, పాత పట్టుదల. వారి జీవితమున గ్రహింపవలసినది పాండిత్యము కాదు, ఆ పాండిత్యము వచ్చిన మార్గము. బడి చదువు లేని గిరిజనుని ముందు, బడిపంతులు శిష్యుడై కూర్చుండెను.

"మొక్కై వంగనిది మ్రానై వంగునా" అను సామెత ఈ సందర్భమున తప్పక వినబడును. ఈ సామెత పిల్లల నడవడిని గూర్చి చెప్పినది. పెద్దల చదువును గూర్చి చెప్పినది కాదు. మ్రాను వంగదు, నిజమే. కాని యేటేట చిగుర్చును. కోనసీమ దొడ్లలోని ముదురు మామిడి వంగుట మానినదని కాపు మానుట లేదు. వంగుట వేరు, చిగుర్చుట వేరు; వృద్ధులను అడుగవలసినది రెండవదానిని.

శాస్త్రజ్ఞులు ఈ విషయమును పరీక్షించి చూచిరి. అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 60 మొదలు 90 సంవత్సరముల వయస్సు గల 221 మందిని తీసికొని, మూడునెలలపాటు, వారమునకు సుమారు 15 గంటల చొప్పున, వేరువేరు జట్లుగా వేరువేరు పనులలో నుంచిరి. కొందరు డిజిటల్ కెమేరాతో ఛాయాచిత్రములు తీయుట నేర్చిరి. కొందరు అతుకుల బొంతలు కుట్టుట నేర్చిరి. మరికొందరు కలిసి కబుర్లాడుచు, విహారములకు పోవుచు గడపిరి. ఇంకొందరు ఇంటివద్ద పాటలు వినుట, తేలికయైన పదవినోదములు పూరించుట వంటి పనులు చేసిరి. 2014లో ప్రకటింపబడిన ఫలితము ఇది: క్రొత్తదియు కష్టమైనదియు నగు పని నేర్చినవారి జ్ఞాపకశక్తి మెరుగైనది, కేవలము కాలక్షేపము చేసినవారికి అంతటి మేలు కలుగలేదు. ఇది మతిమరపు వ్యాధికి మందని ఎవరును చెప్పరాదు. కాని, కాలక్షేపమునకును విద్యకును నడుమ భేదము కలదనియు, ఆ భేదము తల నెరసిన పిదప గూడ పోదనియు దీనివలన తేలుచున్నది. అలవాటైన పనిని అలవోకగా చేయుచుండుట చాలదు. కొంచెము చెమట పట్టవలెను, కొంచెము తప్పులు పోవలెను.

రవీంద్రనాథ ఠాగూరు చరిత్ర ఇదియే చెప్పును. కవిగా నోబెల్ బహుమానము పొందినది 1913లో. చిత్రకారుడుగా లోకమునకు తెలిసినది 1930లో, పారిస్ నగరమున ఆయన చిత్రముల ప్రదర్శన జరిగినప్పుడు. అప్పటికాయనకు 69 సంవత్సరములు నిండినవి. వ్రాతప్రతులలో కొట్టివేసిన పంక్తులను గీతలతో కలుపుచు బొమ్మలుగా మార్చుట ఆ విద్యకు ఓనమాలు. చిత్రకళాశాలలో చదువుకొన్నవాడు కాడు. తప్పుగా వ్రాసిన పంక్తిని సిగ్గుపడి దాచుకొనక, దానినుండియే క్రొత్త కళ నొకదానిని పుట్టించెను. ఉపాధ్యాయులు ఎఱ్ఱసిరాతో కొట్టివేయు పంక్తులకు ఇంతటి భవిష్యత్తు కలదని ఎవరనుకొందురు!

గోదావరి తీరపు కవుల జీవితములందును ఇట్టి మలుపులు కలవు. కడియములో 1870లో పుట్టిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు అవధానములతో, పద్యములతో ఆంధ్రదేశమును ఊపినవారు. తిరుపతిశాస్త్రిగారితో కూడిన ఆ జంట విడిపోయిన పిదప, వారు తమ వార్ధక్యమున మరియొక దారి తొక్కిరి. అరుగుమీద కూర్చుండి కబుర్లు చెప్పుచున్నట్లు సాగు వచనమున తమ అనుభవములను వ్రాసిరి, అవియే 'కథలు–గాథలు'. పద్యమునకు అలవాటుపడిన చేయి వచనమునకు తిరుగుట చూచువారికి చిన్న మార్పుగా తోచును. కాని మృదంగమును పక్కనబెట్టి వేణువు పట్టుట వంటిదది.

చిలకమర్తి లక్ష్మీనరసింహముగారికి విధి మరింత కఠినమైన పరీక్ష పెట్టినది. చూపు పోయినది. వ్రాయు వృత్తిగలవానికి కన్నులు పోయిన, చదువుటకు పరుల కన్నులు, వ్రాయుటకు పరుల చేయి కావలెను. మనస్సులోనే వాక్యమును కూర్చుకొని, ఒకరికి చెప్పి వ్రాయించుట యనునది క్రొత్తగా నేర్వవలసిన విద్య. అందరికిని అబ్బునది కాదు. చిలకమర్తివారు దానిని సాధించి, 70 దాటిన పిదప గూడ తమ స్వీయచరిత్రమును తెలుగువారికి అందించిరి. వార్ధక్యము ఒక్కొక్క పరికరమును చేతినుండి లాగికొనును. పోయినదానిని తలచి కూర్చుండుట ఒకటి, ఉన్నదానితో వేరు దారి వెదకుట ఒకటి. వారు రెండవది ఎన్నుకొనిరి.

ఇంతవరకు చెప్పినది పండితుల మాట, ఫించను వచ్చువారి మాట. ఫించను లేనివారి సంగతి యేమి? ఈ ప్రశ్నను తప్పించుకొనుట న్యాయము కాదు. కౌలురైతునకు విరమణ లేదు. ఒంట శక్తి యున్నంతవరకు చేను, శక్తి పోయిన పిదప మంచము. నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో తరతరములుగా స్త్రీలు లేసు అల్లుచున్నారు. నరసాపురము లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. చూచువారికి అది సుకుమారమైన కళ. అల్లు స్త్రీకి మాత్రము ఇంటిపని ముగిసిన పిదప చేయు కూలి. చూపు మందగించువరకు సూదిపట్టిన ఆమెతో "ముసలితనమున ఏదైన హస్తకళ నేర్చుకొనుము" అనుట పరిహాసము. ఆమె కోరునది సూది క్రిందపెట్టుట. బహుశః ఒక పలక పట్టుట. తన పేరు తాను వ్రాసికొనుట, బస్సు మీది ఊరిపేరు తాను చదువుకొనుట, ఎవరిని బ్రతిమాలకుండ మనుమరాలికి ఫోను చేయుట. ఆమెకు ఇవియే లలితకళలు. తీరిక యనునది కొందరికి వరముగా వచ్చును, కొందరికి ఎన్నడును రాదు. వచ్చినవారు దానిని నిద్రలో పోగొట్టుట, రానివారికి చేయు అపచారము కూడ.

ఇక ఇంటివారి మాట. "ఇప్పుడెందుకు మామ్మా నీకీ శ్రమ?" అని మనుమడు ప్రేమతోనే అనును. "కృష్ణా రామా అనుకొనుచు మూల కూర్చుండరాదా?" అని ఇరుగుపొరుగువారు భక్తి పేరిట అందురు. కాని క్రొత్త కీర్తన నేర్చుకొనుటకు గూడ నోరు తిరుగవలెను, చెవి మెలకువగా నుండవలెను. శాస్త్రము చెప్పిన వానప్రస్థము ఇల్లు విడుచుటయే కాని బుద్ధిని విడుచుట కాదు. భక్తికిని క్రొత్తవిద్యకును వైరము కల్పించుట, ముసలివారిని మూల కూర్చుండబెట్టుటకు దొరకిన సులభమైన సాకు. ఇంటిల్లిపాది నవ్విన నవ్వునకు ముడుచుకొనిపోయిన కోరికలు ఎన్ని యిండ్లలో ఎన్నియో! ఒక బొమ్మ, ఒక పాట, ఒక అక్షరము పుట్టకముందే చంపిన దోషము ఆ నవ్వునకు కలదు.

విద్యార్థులకు ఇందులో పని యున్నది. తాతయ్యకు సెల్‌ఫోనులో తెలుగు అక్షరములు కొట్టుట నేర్పునప్పుడు, మూడవసారి మరచిపోయినంత మాత్రమున ఫోను లాగికొని తామే ఆ పని చేసి ముగింతురు. అది సహాయము కాదు. పరీక్షలో పిల్లవాని చేతినుండి కలము లాగికొని సమాధానము వ్రాసి యిచ్చిన ఉపాధ్యాయుని సహాయము వంటిది. తమకు ఎక్కము వచ్చువరకు ఎన్నిసార్లు చెప్పించుకొన్నారో తలచుకొన్నచో ఓర్పు దానంతట అదే వచ్చును. పైగా, చదువు పరీక్షలతో ముగియునని పిల్లలకు చెప్పునది పాఠ్యపుస్తకము కాదు; చదువు ముగించి కూర్చున్న పెద్దల రూపము. 65 ఏండ్ల మాష్టరు పలక పట్టి క్రొత్త లిపి దిద్దుచుండగా చూచిన బాలునకు విద్యను గూర్చి వేరు ఉపన్యాసము అక్కరలేదు.

నేర్చుకొనువారికి కాటన్ దొర ప్రవేశిక మంచి మార్గము చూపుచున్నది. 30 మాటలు, 180 వాక్యములు. అన్నియు ఒకేసారి నేర్వవలెనను ఆశ పనికిరాదు. ఒక రాగము, ఒక లిపి, ఒక కుట్టు, పెరటిలో ఒక మడి. ప్రతిదినము ఒక గంట. తప్పు దిద్దుటకు ఒక గురువు. ఆ గురువు వయస్సున చిన్నవాడైన మరియు మంచిది, పెద్దరికమను మందపు తొడుగు ముందే ఊడిపోవును. మరియొక హెచ్చరిక కూడ అవసరము. నాలుగు పద్యములు కుదిరినంతనే అచ్చువేయించి, ఆవిష్కరణసభ జరిపి, శాలువ కొఱకు ఎదురుచూచుట కలదు. ఆ దారిన పోయినవారు విద్యార్థి దశను దాటి మరల సన్మానితుల దశకే చేరుదురు; అనగా బయలుదేరిన చోటికే.

బడులు, గ్రంథాలయములు తలచుకొన్నచో ఈ పనికి పెద్ద ధనమక్కరలేదు. ఊరిబడి సాయంకాలము తాళము వేసికొని యుండును. వారమున కొకనాడు రెండు గంటలు ఆ తాళము తీసిన చాలును. వలలల్లు ముసలిజాలరి పిల్లలకు ముడులు నేర్పును. పిల్లలు ఆయనకు అక్షరములు నేర్పుదురు. విరమించిన సంస్కృతపండితుడు శ్లోకము చెప్పును, చిత్రలేఖనము మాత్రము పిల్లల వరుసలో కూర్చుండి నేర్చును. రాజమహేంద్రవరపు గౌతమీ గ్రంథాలయము వంటి సంస్థలను ఒకనాడు ప్రజలే చేతులు కలిపి నిలిపిరి. అందులో పేపరు చదివి వెడలిపోవు పెద్దలు, ఒక మూలను తమ క్రొత్తచదువు కొఱకు అడిగి తీసికొనవచ్చును. ఉపాధ్యాయుడు విరమించిన మరునాడు బడికి వచ్చుట నేడు నామోషీ. విద్యార్థిగా వచ్చినచో అది గౌరవమగును.

రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు పేర చిత్రశాల యున్నది. ఆ చిత్రములు చూచువారు ముందు వర్ణములకు ముగ్ధులగుదురు. పిమ్మట ఒక లెక్క స్ఫురించి నిశ్చేష్టులగుదురు. 1897లో పుట్టిన ఆ చిత్రకారుడు 1925లో, 28 సంవత్సరములు నిండకుండగనే పోయెను. ఆయన గీయవలసిన బొమ్మలకు కాలము చాలలేదు. 62వ యేట పదవి విడిచినవానికి అటుపైన దొరకు ఇరువది సంవత్సరములు, రామారావు బ్రతుకంతటిలో మూడింట రెండువంతుల కంటె ఎక్కువ. అట్టి కాలమును చేతపట్టుకొని "ఇక నాకేమి మిగిలినది" అనుట ఎట్టి మాట?

కాలువలో నీరున్నది. తూము తెరచువాడు కావలెను. శివారు చేను ఎండిపోయినప్పుడు నష్టపడునది ఆ చేని రైతొక్కడే కాదు; పండవలసిన గింజ ఊరికే లేకుండ పోవును.